తేనెపట్టు అట్టు

వంటకాలకు కూడా జాతకాలుంటాయి కాబోలు. కొన్ని పుట్టిన వూరి పొలిమేర దాటవు. కొన్ని మాత్రం సముద్రాలు దాటి, పేరూ వేషమూ మార్చుకొని, ఎవరూ పిలవకుండానే మన వంటింటి గడపలో వచ్చి కూర్చుంటాయి. వాఫిల్ ఈ రెండో రకంది. మా కాలేజీ వున్న వీధిలో కొన్నేళ్ళ క్రితం దాకా మిరపకాయ బజ్జీల బండీ, చెరుకురసం బండీ మాత్రమే వుండేవి. ఇప్పుడు వాటి పక్కనే అద్దాల తలుపు పెట్టిన వాఫిల్ దుకాణం ఒకటి వెలిసింది. సాయంకాలం నాలుగయ్యేసరికి మా విద్యార్థులు అక్కడ బారులు తీరి వుంటారు. గళ్ళు గళ్ళుగా వున్న అట్టు మీద చాక్లెట్ పాకం పోసి, కాగితం పొట్లంలో పెట్టి ఇస్తే నడుస్తూనే తినేస్తారు.

పిల్లలున్న ఇల్లాళ్ళు ఈ మధ్య తరచు నన్ను మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. ఇది ఇంట్లో చేసుకోవచ్చునా? దానికి ప్రత్యేకంగా యంత్రం కొనవలసిందేనా? గుడ్డు లేకుండా కుదురుతుందా? తెలుగు పాఠాలు చెప్పుకొనేదాన్ని నన్నెందుకు అడుగుతున్నారంటే, రెండేళ్ళుగా మా ఇంట్లో ఆదివారం పొద్దుటి ఫలహారం ఇదే కనుక. మూడింటికీ నాకు తెలిసిన జవాబు చెబుతాను. నాలుగో ప్రశ్న ఒకటి వుంది. దాన్ని ఎవరూ అడగలేదు. అది నేనే అడుగుతాను.

ముందు పేరు సంగతి. భాష చెప్పేవాళ్ళకు కొత్త పదం కనిపిస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వకుండా చెయ్యి వూరుకోదు. ఇంగ్లీషువారు ఈ మాటను డచ్చివారి 'వాఫెల్' నుంచి తీసుకొన్నారు. జర్మను భాషలో తేనెపట్టును 'వాబె' అంటారు. రెండూ ఒక్క కుదుటివే. నేత నేయడమనే అర్థం వున్న ధాతువుకు రెండూ చుట్టాలే. ఫ్రెంచివారు ఈ అట్టును 'గోఫ్ర్' అంటారు. ఆ మాటకు తేనెపట్టు అనే అర్థం కూడా వుంది. అంటే, దీన్ని మొదట చూసినవాళ్ళకు ఆ గళ్ళు తేనెటీగలు కట్టిన గదుల్లా కనిపించాయన్నమాట. మనం తెలుగులో పేరు పెట్టుకోవలసివస్తే 'తేనెపట్టు అట్టు' అని హాయిగా అనుకోవచ్చు.

వుచ్చారణ జారడం వల్ల ఈ అట్టుకు ఏకంగా పండుగే ఏర్పడిన దేశం కూడా ఒకటి వుంది. అది స్వీడన్. మార్చి 25న మేరీమాత పేర అక్కడివారు ఒక పర్వదినం జరుపుకొంటారు. దాని పేరు 'వోర్‌ఫ్రుడాగెన్'. గబగబా పలికితే అది 'వోఫెల్‌డాగెన్' అయి కూర్చుంది. వోఫెల్ అంటే వాఫిల్. ఇంకేముంది, ఆ రోజున ఇంటింటా వాఫిళ్ళు చేసుకోవడం ఆచారమైంది. ధ్వని మార్పులు పరీక్షలో మార్కులకు తప్ప ఎందుకూ పనికిరావనుకొనే మా విద్యార్థులకు ఈ కథ చెప్పాను. మన భాషలో కూడా అలాంటి పండుగ ఒకటి వెతికి పెట్టండి మేడమ్, సెలవు కలిసి వస్తుంది అన్నారు.

ఇక వస్తువు సంగతి. వాఫిల్‌కు పిండి ఎంత ముఖ్యమో, దాన్ని కాల్చే ఇనుము అంతకంటె ముఖ్యం. మధ్యయుగాల యూరపులో పొడుగాటి పిడులున్న రెండు ఇనుప పలకలను పటకారులా బందు వేసి కలిపేవారు. మధ్యలో పిండి పెట్టి, మూసి, నిప్పుల మీద ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పి కాల్చేవారు. చర్చిలో ప్రసాదంగా ఇచ్చే పలుచని రొట్టెబిళ్ళలు కూడా ఇలాంటి పలకల మధ్యనే కాలేవి. వున్నవాళ్ళు ఆ పలకల లోపల తమ వంశ చిహ్నాలూ, బొమ్మలూ చెక్కించుకొనేవారు. పీటర్ బ్రూగెల్ అనే ఫ్లెమిష్ చిత్రకారుడు 1559లో తిండి పండుగకూ ఉపవాసాల రోజులకూ యుద్ధం జరుగుతున్నట్టు ఒక పెద్ద చిత్రం వేశాడు. అందులో వాఫిళ్ళు కూడా కనిపిస్తాయి. అప్పటికే అవి వీధుల్లో తిరిగే జనం తిండి అన్నమాట.

డచ్చివారు వలసపోయినప్పుడు ఈ ఇనుప పలకలు కూడా వారితో అమెరికా చేరాయి. పొడుగు పిడి పట్టుకొని నిప్పుల ముందు కూర్చోవలసిన బాధ మాత్రం చాలాకాలం తప్పలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో ట్రాయ్ అనే వూరివాడు కొర్నీలియస్ స్వార్త్‌వౌట్ ఇందుకొక వుపాయం కనిపెట్టి 1869 ఆగస్టు 24న పేటెంటు పొందాడు. పలకల్ని పొయ్యి మీదనే కూర్చోబెట్టి, చెయ్యి కాలకుండా తిరగవేసే ఏర్పాటు అది. ఇప్పటికీ అమెరికాలో ఆగస్టు 24ను వాఫిల్ దినమని తలుచుకొంటారు.

దుకాణాల బోర్డుల మీద 'బెల్జియన్ వాఫిల్' అని చూస్తుంటాం. తమాషా ఏమిటంటే, బెల్జియం వెళ్ళి ఆ పేరు అడిగితే ఏది కావాలని ఎదురు ప్రశ్న వేస్తారు. బ్రస్సెల్స్ వారిది ఒక రకం. పలుచని పిండి, పెద్ద పెద్ద గళ్ళు, దూదిలా తేలిక, దీర్ఘచతురస్రం ఆకారం. లియేజ్ వారిది ఇంకో రకం. రొట్టెపిండిలా గట్టిగా కలిపి, అందులో ముత్యాల్లాంటి పంచదార పలుకులు వేస్తారు. కాలేటప్పుడు ఆ పలుకులు కరిగి పైన పాకం పట్టినట్టు గట్టిపడతాయి. 1958లో బ్రస్సెల్స్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో మొదటి రకానికి పేరు వచ్చింది. 1962లో సియాటిల్ ప్రదర్శనలో అమెరికన్లు దాన్ని రుచి చూశారు. 1964లో న్యూయార్క్ ప్రదర్శనలో వెర్మెర్ష్ కుటుంబం స్ట్రాబెరీలూ మీగడా వేసి అమ్మేసరికి జనం ఎగబడ్డారు. బ్రస్సెల్స్ అంటే ఎక్కడో అక్కడివారికి తెలియదు కనుక పేరులో దేశాన్నే పెట్టారు. ఆ పేరే తిరిగి తిరిగి మన వీధి చివరికి వచ్చింది.

ఇంత ప్రయాణం చేసి వచ్చిన ఈ అట్టు మన వంటింటికి నిజంగా కొత్తదా? పలకలు కొత్తవే గాని, పద్ధతి మనకు తెలియనిదేమీ కాదు. గుంతపొంగణాల పెనం చూడండి. పిండిని గుంతల్లో పోస్తే ఇనుము తగిలినచోట కరకర, లోపల మెత్తన. గులాబీపువ్వుల అచ్చు చూడండి. నూనెలో బాగా కాగిన అచ్చును పిండిలో ముంచితేనే పువ్వు నిలుస్తుంది. చల్లని అచ్చు ముంచితే పిండి జారిపోతుంది. మినప దిబ్బరొట్టె చూడండి. అడుగు ఎర్రగా పెంకులా వుండాలి, లోపల దూదిలా వుండాలి. ఈ మూడింటి ధర్మమూ వాఫిల్‌లో వుంది. పలక మీది గట్ల వల్ల పిండికి ఇనుము తగిలే చోటు పెరుగుతుంది. రెండు వైపులా ఒక్కసారే వేడి పడుతుంది. అందుచేత తిరగవెయ్యవలసిన పని లేకుండా నాలుగు నిమిషాల్లో పైన కరకరలాడుతుంది, లోపల మెత్తగా వుండిపోతుంది.

కనుక మొదటి ప్రశ్నకు జవాబు, ఇంట్లో నిక్షేపంగా చేసుకోవచ్చు. 240 మిల్లీలీటర్ల కప్పుతో కొలత చెబుతున్నాను. రెండు కప్పులు, అంటే సుమారు 250 గ్రాముల మైదా, మూడు చిన్న చెంచాల బేకింగ్ పౌడరు, అర చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల పంచదార కలిపి జల్లించుకోండి. వేరే గిన్నెలో ఒకటిముప్పావు కప్పు పాలు, రెండు గుడ్ల పచ్చసొన, కరిగించి ఆరబెట్టిన వెన్న 100 గ్రాములు కలపండి. గుడ్ల తెల్లసొనను మాత్రం విడిగా నురుగు నిలబడేదాకా గిలకొట్టండి. ముందు పాలమిశ్రమాన్ని పిండిలో పోసి కలిపి, ఆఖరున ఆ నురుగును పై నుంచి కిందికి మెల్లగా తిప్పుతూ చేర్చండి. ఈ కొలతకు మామూలు సైజువి ఎనిమిది దాకా వస్తాయి.

ఇక్కడ మన చేతివాటం కాస్త అదుపులో పెట్టుకోవాలి. బజ్జీల పిండి, బొబ్బట్ల పిండి ఎంత కలిపితే అంత మంచిదని మనకు అలవాటు. మైదాను తడిపి అదేపనిగా కలిపితే దానిలోని జిగురు సాగి, అట్టు తోలులా తయారవుతుంది. బొబ్బట్లకు ఆ సాగుడే కావాలి. వాఫిల్‌కు అదే శత్రువు. పొడిపిండి కనబడకుండా పోతే చాలు, చిన్న చిన్న వుండలు మిగిలినా ఫరవాలేదు, గరిటె పక్కన పెట్టెయ్యండి.

రెండో సంగతి ఆవిరి. పలకలు మూసిన మరుక్షణం నుంచీ పక్కల నుంచి ఆవిరి వస్తూ వుంటుంది. అది వచ్చినంతసేపూ లోపల నీరున్నదని అర్థం. తొందరపడి మూత ఎత్తితే అట్టు రెండు పొరలుగా చీలి, సగం కిందా సగం పైనా అంటుకొంటుంది. ఆవిరి బాగా తగ్గినాక ఎత్తండి, దానంతటదే వూడి వస్తుంది. తీసినదాన్ని కంచంలో పడుకోబెట్టవద్దు. వేడి ఆవిరికి అడుగు మెత్తబడిపోతుంది. జల్లెడ బోర్లించి దానిమీద పెడితే కింద కూడా గాలి ఆడి, కరకర నిలుస్తుంది.

గుడ్డు లేకుండా కుదురుతుందా అంటే, మా ఇంట్లో అయ్యేది అదే. మా అత్తగారు గుడ్డు ముట్టరు. గుడ్డు తగిలిన పలకల మీద కాల్చినదీ ముట్టరు. ఇంట్లో ఒకరు తినలేని వంటకాన్ని అందరి ఫలహారం అనడం నాకు ఇష్టం లేకపోయింది. అందుచేత మొదటిరోజు నుంచీ మజ్జిగతోనే మొదలుపెట్టాను. ఒకటిన్నర కప్పు మైదా, అర కప్పు బియ్యప్పిండి, రెండు చెంచాల బేకింగ్ పౌడరు, అర చెంచా వంటసోడా, అర చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల పంచదార. వీటిలో ఒకటిముప్పావు కప్పు చిక్కని పుల్లమజ్జిగ, 80 గ్రాముల కరిగించిన వెన్న పోసి కలిపి, పది నిమిషాలు వుంచితే చాలు. మజ్జిగ పులుపుకు సోడా పొంగి గుడ్డు చేసే పని చాలావరకు చేస్తుంది. బియ్యప్పిండి వల్ల కరకర వస్తుంది. పిండి మరీ గట్టిపడితే ఇంకాస్త మజ్జిగ పొయ్యండి.

అమెరికాలోనూ కెనడాలోనూ దీనిమీద మేపుల్ చెట్టు పాకం పోసుకొంటారు. చెట్టుకు గాటుపెట్టి పట్టిన నీరు 40 లీటర్ల దాకా కాస్తే ఒక లీటరు పాకం వస్తుంది. ఖరీదు ఎందుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు. మనకు బెల్లం వుండగా దానికోసం వెతుక్కోవలసిన అవసరం లేదు. మంచి బెల్లం కొద్ది నీళ్ళతో కరిగించి, వడగట్టి, తీగపాకం రాకముందే దించి, ఏలకులపొడి వెయ్యండి. గళ్ళన్నీ నిండేటట్టు పోసి, పైన చిన్న వెన్న ముక్క పెడితే పిల్లలు చాక్లెట్ పేరు ఎత్తరు.

తీపి ఇష్టంలేనివాళ్ళు ఈ పలకల మీదనే దిబ్బరొట్టె పిండి వేసి చూడండి. మినప్పప్పు రుబ్బి, కడిగి పిండిన బియ్యపురవ్వ కలిపిన అదే పిండి. ఉల్లిపాయ ముక్కలు, జీలకర్ర, పచ్చిమిర్చి మీ ఇష్టం. పలకలకు రెండువైపులా నూనె రాసి, ఆరేడు నిమిషాలు వుంచాలి. అల్లప్పచ్చడితో పెట్టాను. మా అత్తగారు అటూ ఇటూ తిప్పి చూసి, 'మన దిబ్బరొట్టెకే గళ్ళచీర కట్టావమ్మాయ్' అన్నారు.

ఇక యంత్రం. పొయ్యి మీద పెట్టుకొనే పోత ఇనుము పలకలూ వున్నాయి, కరెంటు యంత్రాలూ వున్నాయి. పోత ఇనుముదైతే మన దోసెపెనంలాగే నూనె రాసి, కాచి, కొన్నాళ్ళు అలవాటు చెయ్యాలి. మొదటి రెండు మూడు అంటుకొంటే బెంగపడకండి. కరెంటుదైతే 700 నుంచి 1000 వాట్లది ఇంటికి సరిపోతుంది. పలకలకు పూత వుంటుంది కనుక ఇనుప అట్లకాడ తగలనివ్వవద్దు, కొయ్యగరిటె వాడండి. పూర్తిగా చల్లారాక తడిబట్టతో తుడవండి. కరెంటు యంత్రాన్ని నీళ్ళలో ముంచి తోమే ప్రయత్నం ఎవరూ చెయ్యకూడదు.

పిల్లలు అమెరికాలో వున్నవాళ్ళకు ఒక హెచ్చరిక. మా మరిది న్యూజెర్సీ నుంచి వస్తూ మాకొక యంత్రం తెచ్చాడు. అడుగున అంటించిన చీటీ మీద 120 వోల్టులని వుంది. మన ఇళ్ళలో వచ్చేది 230. దాన్ని మన ప్లగ్గులో పెడితే పలకలు కాగవలసినదానికి మూడున్నర రెట్లకు పైగా కరెంటు శక్తి లాగుతాయి, క్షణాల్లో మాడిపోతాయి. పిన్ను ఆకారం మార్చే చిన్న అడాప్టరు వోల్టేజిని తగ్గించదు. తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు వేరే వుంటుంది గాని, వెయ్యి వాట్లు మొయ్యగలది యంత్రం కంటె బరువు. మరిది తెచ్చిన ఆ యంత్రం అటక మీద భద్రంగా వుంది. మేము వాడుకొనేది ఇక్కడ కొన్నది. ఎవరైనా తెస్తామంటే ముందు ఆ చీటీ చదవమనండి.

ఇప్పుడు నా నాలుగో ప్రశ్న. యంత్రం కొన్నారు, పిండి కలిపారు. దాని ముందు నిలబడేది ఎవరు?

లెక్క వేసి చూడండి. మా ఇంట్లో ఐదుగురం. తలకు రెండు చొప్పున పది. ఒక్కొక్కటి నాలుగు నిమిషాలు. మొత్తం 40 నిమిషాలు. ఇడ్లీ అయితే ఒక్క వాయి దించి అందరికీ వడ్డించి మనమూ కూర్చోవచ్చు. ఉప్మా అయితే చెప్పనే అక్కరలేదు. అట్టు జాతి మాత్రం ఒక్కొక్కటిగా పుడుతుంది. వేడిగా తింటేనే రుచి. అందుచేత ఒకరు పొయ్యి దగ్గర నిలబడితే తక్కినవాళ్ళు బల్ల దగ్గర కూర్చుంటారు. 'ఇంకొకటి వెయ్యి', 'నాది కాస్త ఎర్రగా కాల్చు' అనే కేకలు ఇటు వస్తూ వుంటాయి, అట్లు అటు వెళుతూ వుంటాయి. ఆఖరికి నిలబడ్డ మనిషి వంతు వచ్చేసరికి గిన్నె అడుగున గరిటెడు పిండి, చల్లబడ్డ పచ్చడి, లేచి చేతులు కడుక్కొన్న జనం. ఇది మన దోసెల చరిత్ర. దీనిలోకి ఇంకో అట్టును కూడా ఎందుకు చేర్చుకోవాలి?

మా అత్తగారికి ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. కాపురానికి వచ్చిన నాడు ఇంట్లో పదకొండు మంది. అందరూ తిన్నాకే తాను తినేవారు. ఇప్పుడు ఐదుగురమే అయినా ఆ అలవాటు పోలేదు. పిల్లలు 'నాన్నమ్మా, రా కూర్చో' అని పిలిస్తే 'నాకేం తొందర, మీరు తినండి' అంటారు. ఆ మాట వెనక త్యాగమేదో వున్నదని ఆవిడ అనుకోరు. యాభై ఏళ్ళు ఒకే పద్ధతి నడిస్తే అది మనిషి స్వభావంలా కనబడుతుంది, అంతే. పొయ్యి దగ్గర నిలబడి నేనే ఒకసారి అడిగాను. 'మీరెప్పుడైనా మొదటి అట్టు తిన్నారా అత్తయ్యా?' ఆవిడ ఆలోచించి, 'పురిటి మంచం మీద వున్నప్పుడు తిన్నానేమో' అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఈ విషయంలో అమెరికన్ల వంటింటి చరిత్రలో మనకు పనికివచ్చే ముక్క ఒకటి వుంది. 20వ శతాబ్దం తొలి దశకాల్లో అక్కడ ఇళ్ళకు కరెంటు రావడంతో కరెంటు వాఫిల్ యంత్రాలు వచ్చాయి. 1920, 30 ప్రాంతాల్లో వాటిని వంటింట్లో మూల పెట్టే వస్తువుల్లా తయారుచెయ్యలేదు. తళతళ మెరిసే పూత వేసి, కొన్నింటికి మూత మీద పువ్వుల పింగాణీ బిళ్ళ కూడా తాపి, భోజనాల బల్ల మీద అలంకారంగా పెట్టుకొనేట్లు చేశారు. పొంగిన పిండి బల్లగుడ్డ మీద పడకుండా అడుగున ఒక పళ్ళెం. ఇంటావిడ కుర్చీలోనే కూర్చుని, పిండి పోసి, మూత వేసి, కబుర్లు చెబుతూ, తీసి, అందరికీ పంచి, తానూ తినేది. పొయ్యిని విడిచి వేడి మాత్రం ఆవిడతో బల్ల దగ్గరికి వచ్చిందన్నమాట.

అది ఎక్కువకాలం నిలవలేదు. కాలిఫోర్నియాలో శాన్ హోసే వూళ్ళో డోర్సా సోదరులు 1953లో వాఫిళ్ళను ముందే కాల్చి, గడ్డకట్టించి, పెట్టెల్లో అమ్మసాగారు. ఎవరికి కావలసినప్పుడు వారు టోస్టరులో వేసుకొని తిని వెళ్ళిపోవచ్చు. ఇల్లాలి శ్రమ తగ్గింది, కాదనను. వుద్యోగానికి పరుగెత్తే పొద్దుటిపూట నేనూ మిగిలినవి ఫ్రీజరులో పెట్టి, పెనం మీద వేడిచేసి పిల్లలకు ఇస్తాను. కాని అందరూ ఒకచోట కూర్చునే పని కూడా ఆ పెట్టెలతోపాటే తగ్గింది.

మా ఇంట్లో ఆదివారం ఏర్పాటు చెబుతాను. యంత్రం భోజనాల బల్ల మీదికి వస్తుంది. ప్లగ్గు వున్న గోడకు బల్లను దగ్గరగా జరిపాము. తీగ నడిచే దారిలో వేలాడకూడదు. కాలు తగిలితే కాగిన ఇనుము మీద పడుతుంది. కింద ఒక చెక్కపలక వేస్తాము. పిండి గిన్నె, ఒకే కొలత గరిటె, నూనె రాసే కుంచె, బోర్లించిన జల్లెడ, బెల్లం పాకం, అల్లప్పచ్చడి అన్నీ ముందే బల్ల మీద సర్దుతాము. ఒకసారి కూర్చున్నాక ఎవరూ వంటింట్లోకి లేవకూడదు. ఇంటర్ చదివే మా అమ్మాయి పిండి పోస్తుంది. తొమ్మిదో తరగతి అబ్బాయి ఆవిరి కనిపెడతాడు. మావారు తీసి ముక్కలు చేస్తారు. గళ్ళున్నందువల్ల సమానంగా నాలుగు ముక్కలు చెయ్యడం తేలిక. అట్టు ఒక్కటే అయినా ముక్కలు అందరికీ ఒకేసారి అందుతాయి. 40 నిమిషాలు అప్పుడు కూడా 40 నిమిషాలే. అయితే ఆ సేపంతా ఐదుగురమూ కూర్చునే వుంటాము.

మొదటి ఆదివారం మా అత్తగారు కుర్చీ అంచున, ఎప్పుడు లేవవలసి వస్తుందో అన్నట్టు కూర్చున్నారు. మొదటిది ఆవిడ కంచంలో వేస్తే అబ్బాయి కంచంలోకి జరపబోయారు. వాడు కంచం వెనక్కి లాక్కొని, 'రూలు రూలే నాన్నమ్మా' అన్నాడు. ఆవిడ కాసేపు దానివంక చూసి, మూల విరిచి నోట్లో వేసుకొని, 'కాలుతోంది' అన్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగింది వేడికేనని అందరమూ అనుకొన్నాము. నాలుగైదు వారాలు గడిచేసరికి ఆవిడకే ధైర్యం వచ్చింది. 'ఇంకాస్త ఎర్రగా కాలనియ్యరా, ఎందుకా తొందర' అని మనవణ్ణి కేకలేస్తున్నారు.

దీనికోసం వాఫిల్ యంత్రమే కొనితీరాలని నేను చెప్పను. నెలకోసారి కూడా తియ్యని వస్తువుకు డబ్బు పెట్టడం దండగ. కరెంటు పొయ్యి వున్నవాళ్ళు దాన్నే బల్ల మీద పెట్టి, దానికి సరిపడే పెనం మీద పెసరట్లు వేసుకోవచ్చు. బల్ల లేనివాళ్ళు చాప పరుచుకొని, పిల్లల చెయ్యి తగలనంత దూరంలో పొయ్యి పెట్టుకోవచ్చు. పిండి మీ ఇష్టం, పచ్చడి మీ ఇష్టం. పొయ్యి ముట్టించే ముందు మీ ఇంట్లో అందరికంటె ఆఖరున తినే మనిషి ఎవరో ఒకసారి చూసుకోండి. మొదటి అట్టు వారి కంచంలో వేసి, అది తినడం అయ్యేదాకా రెండోది పొయ్యకండి.